కాటా దగ్గర లారీలు, లోపల బిగుసుకున్న కంప్యూటర్

ప్రశ్న: అన్నా, మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆఫీసులో పనిచేస్తున్నా. కాటా చీటీలు తీసే కంప్యూటర్‌లో విండోస్ బదులు ఉబుంటు ఉంది. వడ్ల సీజన్‌లో మధ్యాహ్నానికల్లా బిగుసుకుపోతోంది. బయట లారీల వరుస చూసి టెన్షన్‌తో స్విచ్ ఆపేసి మళ్లీ వేస్తున్నా. లోపల ఏమేం నడుస్తున్నాయో చూడొచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: చూడొచ్చు తమ్ముడూ. ముందు ఆ స్విచ్ ఆపడం మానెయ్. టెర్మినల్, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీ, తెరిచి ఉత్త పీఎస్ (ps) కొడితే ఆ టెర్మినల్‌లో నువ్వు మొదలుపెట్టిన ప్రోగ్రామ్‌లే రెండు మూడు వరుసలు వస్తాయి. పీఎస్ తర్వాత ఖాళీ వదిలి, ఏ, యూ, ఎక్స్ మూడూ కలిపి చిన్న అక్షరాల్లో కొట్టు. మొత్తం జాబితా వస్తుంది. రెండో గడిలోది పీఐడీ, అంటే ఆ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) నంబరు. చివరి గడిలో దాని పేరు.

చీటీ రాలేదని ఐకాన్‌ను మళ్లీ మళ్లీ నొక్కుతున్నావేమోనని నా అనుమానం. కాటా ప్రోగ్రామ్ పేరు ఐదారు వరుసల్లో ఉంటే అదే సంగతి. బ్రౌజర్ మాత్రం పది వరుసల్లో ఉన్నా కంగారు పడకు, దాని పద్ధతే అంత.

మూడో గడిలోని సీపీయూ శాతాన్ని నమ్మి మోసపోకు. ప్రాసెస్ మొదలైనప్పటి నుంచి ఇప్పటిదాకా తీసిన సగటు అది. పొద్దున తెరిచిన ప్రోగ్రామ్ పన్నెండింటికి మొండికేసినా ఆ అంకె చిన్నగానే కనిపించవచ్చు. ఇప్పటి లెక్క కావాలంటే టాప్ అని కొట్టు. మామూలుగా 3 సెకన్లకోసారి మారుతుంది. పెద్ద ఎం నొక్కితే మెమరీ ఎక్కువ తింటున్నవి పైకి వస్తాయి. క్యూ నొక్కితే బయటికి రావచ్చు.

ఆపాల్సినది దొరికితే కిల్, పక్కన పీఐడీ. దాంతో 15వ సిగ్నల్ వెళ్తుంది, అంటే పని సర్దుకుని ఆగమని చెప్పడం. కిల్‌కూ పీఐడీకీ మధ్య మైనస్ 9 పెడితే సర్దుకునే వీలు ఇవ్వదు. నల్లగొండలో పత్తి మిల్లు లెక్కలు చూసే రోజుల్లో తొందరపడి అదే కొట్టాను. సేవ్ కాని ఎంట్రీలన్నీ పోయాయి. హమాలీ మేస్త్రీ కాగితం చీటీలు సంచిలో దాచబట్టి, రాత్రి రెండింటిదాకా కూర్చుని మళ్లీ ఎక్కించగలిగాం. కాబట్టి ముందు మామూలు కిల్ కొట్టి పది సెకన్లు ఆగు.

ఎనిమిదో గడిలో, స్టాట్ కింద, డీ అని ఉంటే ఆ ప్రాసెస్ డిస్క్ కోసమో మరో పరికరం కోసమో ఎదురుచూస్తోంది. అప్పుడు 9 కూడా పనిచేయదు. ఆ డీ ఎంతసేపటికీ పోకపోతే హార్డ్‌డిస్క్‌ను అనుమానించు. ఆ సాయంత్రమే కాటా లెక్కలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకో.