నది గడ్డకట్టింది, ఫొటో మాత్రం బూడిదగా వస్తోంది!

చలికాలం ఫొటోల గురించి అడగమంటే ఈసారి ఎక్కువమంది గడ్డకట్టిన నదుల మీదే పడ్డారు, అందుకని ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాం. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాం, మీది ఉన్నదున్నట్టు కనపడకపోతే కోప్పడకండి, జవాబు ఎక్కడో ఒకచోట ఉంటుంది.

ప్రశ్న: సార్, కంటికి నది మెరిసిపోతోంది, ఫొటోలో మురికి బూడిద రంగులో వస్తోంది. ఎవరో ఎక్స్‌పోజర్ ప్లస్ 2 పెట్టమన్నారు, పెడితే ఒకచోట బాగానే వచ్చింది, ఇంకోచోట అంతా తెల్లగా కొట్టుకుపోయింది. అసలు ఎంత పెట్టాలి?

జవాబు: ఆ ప్లస్ 2 సలహా, అంటే కెమెరా ఎంచుకున్నదానికన్నా వెలుతురు రెండు మెట్లు పెంచమనడం, మంచు కప్పేసిన మైదానానికి చెప్పిందండి, నది మీద అన్నిచోట్లా నడవదు. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి తెలుపేదో నలుపేదో తెలీదు, ఎదురుగా ఏమున్నా సరే దాన్ని మధ్యరకం బూడిద రంగుకి తేవాలని చూస్తుంది, 18 శాతం గ్రే అంటుంటారే అదే. ఫ్రేమంతా తెల్లటి మంచైతే వెలుతురు తగ్గించేస్తుంది, మీ బూడిద అక్కణ్ణుంచి వచ్చింది. అలాంటి చోట ప్లస్ 1 దగ్గర మొదలుపెట్టి అవసరాన్ని బట్టి 1.7 దాకా వెళ్లొచ్చు. కానీ నది మీద ఒకే రకం ఐస్ ఉండదు కదా. గాలి మంచుని ఊడ్చేసిన చోట ఐస్ తేటగా ఉండి కింద లోతంతా నల్లగా కనపడుతుంది, గాలి బుడగలు ఇరుక్కున్న చోట తెల్లగా మసకగా ఉంటుంది, దాని మీద మళ్లీ కొత్తగా పడ్డ స్నో. నల్ల ఐస్ ఎక్కువున్న ఫ్రేములో మీటర్ ఉల్టా పనిచేసి వెలుతురు పెంచేస్తుంది, దాని మీద మీరు ఇంకో ప్లస్ 2 వేస్తే ఇంకేముంది! అక్కడ జీరో ఉంచండి, ఒక్కోసారి మైనస్ కూడా పెట్టాలి. అంకె బట్టీపట్టడం కన్నా హిస్టోగ్రామ్ చూసుకోవడం మేలు, ఫొటోలో చీకటి ఎడమవైపు, వెలుతురు కుడివైపు చూపించే గ్రాఫ్ అది, కుడివైపు గోడకి గుద్దుకోకుండా దాని దగ్గరదాకా వస్తే చాలు. రా ఫైల్‌లో, అంటే కెమెరా కుదించకుండా ఉంచే ఫైల్‌లో తీసుకోండి, ఎండలో మంచు మెరుపులు కాస్త హద్దు దాటినా వెనక్కి లాక్కోవచ్చు.

చాలామంది అడిగిన నీలం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. నీడలో ఉన్న మంచు మీద పడేది నీలాకాశం వెలుతురే కాబట్టి అది నీలంగానే ఉంటుంది, మందంగా ఉన్న తేట ఐస్ ఎరుపుని ఎక్కువగా పీల్చేసుకుంటుంది కాబట్టి అదీ నీలమే. వెలుతురు రంగుని కెమెరాయే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ దీన్ని తప్పనుకుని కడిగేస్తుంటుంది. డేలైట్‌లో పెట్టి వదిలేయండి, నీలాన్ని పూర్తిగా తీసేసిన ఫొటోలో చలి ఉండదు.

ప్రశ్న: నా ఫొటోలు చూసి మా ఫ్రెండ్స్ ‘ఇదేం ఖాళీ స్థలం’ అంటున్నారు. అది నది అని తెలిసేలా తీయడం ఎలా?

జవాబు: ఈసారి వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇదే, ఎందుకంటే ఎక్కువ ఫొటోలు పోయేది సెట్టింగుల వల్ల కాదు, ఇక్కడే. మంచు కప్పుకున్న నదికి పారే గుణం కనపడదు కాబట్టి మనం దాన్ని వెతికి చూపించాలి. ముందు ఒడ్డు చూడండి. రెండు ఒడ్లూ ఫ్రేములో ఉండి ఒక వంపు తిరిగితే ఎవరికైనా నది అని తెలిసిపోతుంది, అది కింద నిలబడితే దొరకదు, వంతెన మీంచో గట్టు మీంచో తీయాలి. లడఖ్‌లో జంస్కార్ నది ఫొటోలు చూడగానే నది అని ఎందుకు తెలుస్తుందంటే రెండువైపులా కొండగోడలు దాన్ని పట్టుకుని ఉంటాయి, అక్కడ నదిని విడిగా పరిచయం చెయ్యక్కర్లేదు.

రెండోది, ఇంకా గడ్డకట్టని నీళ్లు. రాళ్ల మధ్య, వేగంగా దూకే చోట నల్లటి పాయ ఒకటి మిగిలి ఉంటుంది, తెల్లటి ఫ్రేములో ఆ నల్లగీత బంగారం. ట్రైపాడ్ మీద పెట్టి షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను మధ్య ఉంచితే నీళ్లు చారలుగా సాగుతాయి, పక్కన ఐస్ కదలకుండా షార్ప్‌గా ఉంటుంది, ఇంక వివరించే పనుండదు. మరీ 30 సెకన్లు పెడితే నీళ్లు కూడా పొగలాగా అయిపోయి ఐస్‌లో కలిసిపోతాయి, నాకైతే నచ్చదు. మూడోది, నీళ్లు ఎగిరిపడి కట్టుకున్న రూపాలు. రాళ్ల మీద గుండ్రంగా పేరుకున్న ఐస్, ఒడ్డున కొమ్మలకి వేలాడే ముక్కలు, వీటికి దూరంవి దగ్గరగా చూపించే టెలి లెన్స్ వాడండి, నది మొత్తం ఒకే ఫొటోలో రావాలని ఎవరన్నారు?

ప్రశ్న: పూర్తిగా గడ్డకట్టాకే వెళ్లాలా?

జవాబు: నన్నడిగితే గడ్డకడుతున్నప్పుడే వెళ్లండి. నిలవ ఉన్న చెరువులో 4 డిగ్రీల నీళ్లు బరువు కాబట్టి కిందకి దిగి, పైపొర మాత్రం చల్లబడి ముందు గడ్డకడుతుంది. పారే నదిలో నీళ్లు పైకీ కిందకీ కలిసిపోతుంటాయి, అందుకని దాదాపు మొత్తం నీళ్లు సున్నాకి వచ్చి, ఇంకో పిసరు కిందకి దిగాక సన్నటి ఐస్ పలుకులు నీళ్లలోనే పుడతాయి. ఇంగ్లిషులో ఫ్రేజిల్ అంటారు. అవి పైకి తేలి, గుంపు కట్టి, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ అంచులు లేచిన పళ్లేల్లా తయారవుతాయి, వాటి మీద ఏటవాలు ఎండ పడ్డప్పుడు చూడాలి అసలు. ఇవి కదులుతుంటాయి కాబట్టి షట్టర్ సెకనులో 250వ వంతు దాకా పెట్టుకోండి. సుడి తిరిగే చోట ఒక్కోసారి పెద్ద ఐస్ పలక గుండ్రంగా అరిగి చక్రంలా తిరుగుతుంది, 2019 జనవరిలో అమెరికా మెయిన్ రాష్ట్రం వెస్ట్‌బ్రూక్‌లో ప్రిసంప్‌స్కాట్ నది మీద దాదాపు 300 అడుగుల వెడల్పుది తిరిగింది, ఆ ఫొటోలు ప్రపంచమంతా చూసింది. అలాంటిది పక్కనుంచి తీస్తే ఏమీ తెలీదు, ఎత్తు నుంచే తీయాలి.

బాగా చలి ఉన్న ఉదయం తెరిచి ఉన్న నీళ్ల మీంచి పొగమంచు లేస్తుంది, సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే అది వెలుగుతుంది, ఎండెక్కితే పోతుంది, లేటుగా లేచేవాళ్లకి దొరకదు. చలికాలం చివర ఐస్ విరిగి కొట్టుకుపోయే రోజులు కూడా అద్భుతంగా ఉంటాయి, కానీ గడ్డలు అడ్డుపడి నీళ్లు ఉన్నట్టుండి పెరిగిపోతాయి, ఎత్తైన చోటు చూసుకుని దూరంనుంచే తీయండి.

ప్రశ్న: నది మధ్యలోకి నడిచి వెళ్లి తీయొచ్చా? 10 సెంటీమీటర్ల మందం చాలంటారు.

జవాబు: ఆ 10 సెంటీమీటర్లు నిలవ నీటి మీద కట్టిన గట్టి తేట ఐస్‌కి, ఒక మనిషి నడవడానికి చెప్పే లెక్క. తెల్ల ఐస్ బలం అందులో సగమే అనుకోవాలి. నది మీద అయితే ఇక్కడ 20 ఉంటే నాలుగడుగుల అవతల 3 ఉండొచ్చు, వంపు తిరిగే చోట బయటి ఒడ్డువైపు, వంతెన స్తంభాల చుట్టూ, వాగు కలిసే చోట ప్రవాహం కిందనుంచి కోసేస్తుంటుంది. పైన మంచు దుప్పటి ఉంటే చలి లోపలికి దిగక ఐస్ ఇంకా పల్చగా ఉంటుంది, పైగా నీటిమట్టం తగ్గితే కింద ఖాళీ అయిపోయి ఐస్ ఒట్టిగా వేలాడుతుంటుంది. కాబట్టి ఆ నదిని రోజూ చూసే స్థానికులు తోడు లేకుండా దిగొద్దు, వాళ్లు వద్దన్నాక ఇంక బేరాలు ఆడొద్దు. ఫొటోకి పనికొచ్చే ఐస్ పగుళ్లు ఒడ్డు దగ్గరే బోలెడుంటాయి.

ప్రశ్న: ఐస్ కింద బుడగలు, ఆకులు కనపడుతున్నాయి, ఫొటోలో మెరుపు తప్ప ఏమీ రావట్లేదు.

జవాబు: పోలరైజర్ ఫిల్టర్ పెట్టండి. నెత్తిమీంచి సూటిగా కాకుండా, ఐస్ ఉపరితలానికి 35, 40 డిగ్రీల ఏటవాలులో కెమెరా ఉంచి ఫిల్టర్ మెల్లగా తిప్పుతూ ఉంటే ఒకచోట మెరుపు పోయి లోపల తేటగా కనపడుతుంది. వెలుతురు ఒకటిన్నర స్టాప్ దాకా తింటుంది, ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమైనట్టు. సాయంత్రం ఆకాశం రంగు ఐస్ మీద పడుతున్నప్పుడు మాత్రం దాన్ని తీసి జేబులో పెట్టుకోండి, అప్పుడు మనకి కావల్సిందే ఆ మెరుపు.

ప్రశ్న: బ్యాటరీ సగం ఉండగానే ఆఫ్ అయిపోతోంది, గదిలోకి రాగానే లెన్స్ మీద చెమ్మ. కెమెరా పాడైందా?

జవాబు: పాడవ్వలేదు. చలికి లిథియం బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, వెచ్చబడితే మళ్లీ ఛార్జ్ కనపడుతుంది. రెండో బ్యాటరీ చొక్కా లోపలి జేబులో ఒంటికి ఆనేలా పెట్టుకుని మార్చుకుంటూ ఉండండి, ఫోన్‌కీ ఇదే వైద్యం. చెమ్మ ఏమో వెచ్చటి గదిలోని తేమ చల్లటి గాజు మీద పట్టడం వల్ల. బయట ఉండగానే మెమరీ కార్డు, బ్యాటరీ తీసేసుకుని కెమెరాని జిప్ కవర్లో గట్టిగా మూసేసి అప్పుడు లోపలికి తీసుకురండి, గది వేడికి వచ్చేదాకా, అంటే గంటా రెండు గంటలు, కవర్ తెరవొద్దు. ఫొటోలు చూసుకోవాలని ఆత్రంగా ఉంటుంది తెలుసు, అందుకే కార్డు ముందే తీసుకోమంది.