ఇంట్లో ఆడపిల్ల ఉండగా మరో ఆడపిల్లను దత్తత తీసుకుంటే చెల్లదా?

ప్రశ్న: మాకు 11 ఏళ్ళ అమ్మాయి ఉంది. మూడేళ్ళ కిందట కారాలో (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థలో) పేరు నమోదు చేసుకుని, దత్తత సంస్థ ద్వారా ఏడాదిన్నర పాపను తెచ్చుకున్నాం. జిల్లా కలెక్టర్ ఉత్తర్వు కూడా వచ్చింది. చిన్నది అక్క జడ పట్టుకోనిదే నిద్రపోదు. కొట్టుకోవడం, అలగడం, మళ్ళీ కలిసిపోవడం అన్నీ ఉన్నాయి. అంతా బాగానే ఉందనుకునేసరికి దగ్గరి బంధువు ఒకాయన, "ఇంట్లో ఆడపిల్ల ఉండగా ఇంకో ఆడపిల్లను హిందువులు దత్తత తీసుకోకూడదు, దత్త హోమం కూడా చేయలేదు, రేపు కోర్టులో నిలవదు" అన్నారు. మా మామగారేమో తన ఇల్లు పెద్ద మనవరాలికే రాస్తానంటున్నారు. ఈ మాటలు పెద్దమ్మాయి చెవిన పడ్డాయి. "చెల్లి వచ్చింది కాబట్టి నా వాటా తగ్గుతుందా?" అని అడిగింది. మర్నాడు అదే పిల్ల, "చెల్లి పేరుకు కూడా మన ఇంటిపేరే రాయొచ్చా?" అంది. రెండింటికీ ఏం చెప్పాలో తోచక టెన్షన్‌గా ఉంది. మా దత్తత చెల్లుతుందా? పిల్లలిద్దరికీ అన్యాయం జరగకుండా మేం ఏం చేసి పెట్టాలి? (ఒక తల్లి)

జవాబు: మీ దత్తత చెల్లుతుందమ్మా. ముందు ఆ భయం తీసేయండి.

మీ బంధువు చెప్పింది కల్పించిన మాట కాదు. సగం విషయం. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956లోని 11వ సెక్షన్ ప్రకారం, కొడుకో, కొడుకు వైపు మనవడో ఉన్నవాళ్ళు మగపిల్లవాణ్ణి, కూతురో కొడుకు కూతురో ఉన్నవాళ్ళు ఆడపిల్లను దత్తత తీసుకోకూడదు. బంధువుల బిడ్డనో తెలిసినవాళ్ళ బిడ్డనో కన్నవాళ్ళ చేతుల మీదుగా నేరుగా తీసుకునేవాళ్ళు సాధారణంగా ఈ చట్టం కిందకే వస్తారు. మీరు ఆ దారిలో వెళ్ళి ఉంటే ఆయన మాట నిజమై ఉండేది.

కానీ మీరు నడిచిన దారి వేరు. అనాథగా ఉన్న, విడిచిపెట్టిన, లేదా కన్నవాళ్ళు అప్పగించిన పిల్లల దత్తత జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 కింద జరుగుతుంది. ఇంట్లో ఆడపిల్ల ఉంటే మగపిల్లవాణ్ణే తీసుకోవాలన్న షరతు అందులో లేదు. 2022 నాటి దత్తత నిబంధనల్లో పిల్లల సంఖ్యకు సంబంధించిన పరిమితి ఒకటుంది. ఇప్పటికే ఇద్దరు, అంతకు మించి పిల్లలున్న దంపతులను మామూలుగా ప్రత్యేక అవసరాలున్న పిల్లలకో, దత్తత దొరకడం కష్టమైన పిల్లలకో మాత్రమే పరిగణిస్తారు. మీకు అప్పటికి ఒక్క అమ్మాయే కాబట్టి ఆ ఇబ్బందీ లేదు. రెండు చట్టాలూ దేని దారిన అవి నడుస్తాయి. హిందూ చట్టం కింద జరిగే దత్తతలకు తన నియమాలు వర్తించవని 2015 చట్టం 56వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అలాగే హిందువులైనంత మాత్రాన మీరు 1956 చట్టం కిందే తీసుకోవాలన్న నిర్బంధమూ లేదు. ఇక దత్త హోమం సంగతి. అది తప్పనిసరి కాదని 1956 చట్టమే చెబుతోంది. మీ విషయంలో ఆ ప్రశ్నే రాదు, కలెక్టర్ ఉత్తర్వే మీ దత్తతకు ఆధారం. 2022 సెప్టెంబరుకు ముందైతే ఈ ఉత్తర్వును కోర్టు ఇచ్చేది. చట్టాన్ని సవరించాక ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే కలెక్టర్‌కు వచ్చింది. కోర్టు ఉత్తర్వు లేదు కదా అని రేపు ఇంకెవరైనా అంటే ఈ మాట చెప్పండి.

2015 చట్టంలోని 63వ సెక్షన్ ఒక్కసారి చదువుకోండి. దత్తత ఉత్తర్వు అమల్లోకి వచ్చిన రోజు నుంచి ఆ బిడ్డ దత్తత తీసుకున్నవాళ్ళకు పుట్టిన బిడ్డతో సమానం, అన్ని విషయాల్లోనూ, వీలునామా లేకుండా చనిపోయినప్పుడు వారసత్వంలో సైతం. కన్న కుటుంబంతో బంధాలు తెగిపోయి, వాటి స్థానంలో మీ కుటుంబంతో బంధాలు ఏర్పడతాయి. పాత ధర్మశాస్త్రంలో ఔరసులకూ (కన్న కొడుకులకూ) దత్తులకూ వాటాల్లో తేడా ఉండేది. దత్తత తర్వాత సొంత కొడుకు పుడితే దత్తుడి వాటా తగ్గిపోయేది. పెద్దవాళ్ళ నోట ఇంకా వినిపించేది ఆ పాత లెక్కే. ఆ తేడా 1956లోనే పోయింది.

ఇప్పుడు పెద్దమ్మాయి ప్రశ్న. ఆ పిల్లకు నిజం చెప్పే తీరాలి. 11 ఏళ్ళ పిల్ల వాటా అన్న మాట పలికిందంటే ఎవరో ఆమె ముందు ఆ మాట అన్నారని అర్థం. "నీకెందుకవన్నీ" అని నోరు మూయిస్తే ఆ అనుమానం లోపలే పెరుగుతుంది. నిజం ఇది: మీరూ మీ వారూ కష్టపడి సంపాదించుకున్న ఆస్తి స్వార్జితం. మీరు బతికి ఉండగా అందులో ఏ బిడ్డకూ వాటా లేదు. పెద్దదానికీ లేదు, చిన్నదానికీ లేదు. లేని వాటా తగ్గేది ఎక్కడ? మీ తర్వాత, వీలునామా లేకపోతే, ఇద్దరూ వారసులే, సమానంగా వస్తుంది. పిత్రార్జితం ఏమైనా ఉంటే మాత్రం లెక్క వేరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ తర్వాత కూతుళ్ళకు అందులో పుట్టుకతోనే హక్కు ఉంది కాబట్టి ఇంట్లో మరో బిడ్డ చేరితే వాటాలు మారతాయి. మీకే రెండో బిడ్డ పుట్టి ఉన్నా అంతే మారేవి. ఈ మాట దాచకండి. "నీకు చెల్లి పుట్టినా ఇంతే కదమ్మా" అని చెప్పండి. ఆ వయసు పిల్లలు దీన్ని మనం అనుకున్నదానికన్నా తేలిగ్గా అర్థం చేసుకుంటారు.

మామగారి ఇల్లు ఆయన స్వార్జితమైతే దాన్ని ఆయన తన ఇష్టం వచ్చినవాళ్ళకు రాసుకోవచ్చు. చట్టం అడ్డుపడదు. మీకు ఇద్దరూ పుట్టిన పిల్లలే అయి ఉన్నా ఆయనకు ఆ స్వేచ్ఛ ఉండేది. పిత్రార్జితమైతే తన వాటాకు మించి ఆయన వీలునామా రాయలేరు, కాబట్టి పాత కాగితాలు ఒకసారి చూడండి. ఒక సంగతి ఆయనకు నెమ్మదిగా చెప్పి చూడండి. ఆయన ఏమీ రాయకపోతే, కొడుకు బతికి ఉండగా ఆయన ఆస్తి మనవరాళ్ళకు నేరుగా రాదు. తన భార్యకూ పిల్లలకూ వెళుతుంది. మీ వారికి వచ్చిన భాగం ఆయన తర్వాత మీకూ ఇద్దరమ్మాయిలకూ, అప్పటికి మీ అత్తగారు ఉంటే ఆవిడకూ, సమానంగా చేరుతుంది. అంటే తాతగారు ఏమీ చేయకుండా ఊరుకున్నా మనవరాళ్ళ మధ్య తేడా రాదు. పెద్దదాని మీద ప్రేమతో రాయాలనుకుంటున్నారే తప్ప చిన్నదాని మీద కోపంతో కాదని నాకనిపిస్తోంది. అలాంటప్పుడు, అక్కకు ఇల్లూ చెల్లికి ఏమీ లేకపోవడమూ ఆ అక్కాచెల్లెళ్ళను రేపు ఎక్కడ నిలబెడుతుందో ఆయనకు మీకన్నా మీ వారు చెబితే బాగుంటుంది. వినకపోతే పిల్లల ముందు పోట్లాట పెట్టుకోవద్దు. ఆ తేడాను మీ సొంత వీలునామాలో మీరే సర్దవచ్చు.

వీలునామా అన్నాను కాబట్టి, మీ జవాబులో నేను ఎక్కువ సేపు ఆగాల్సింది ఇక్కడే. కొన్నేళ్ళ కిందట ఒక దంపతులు నా దగ్గరికి వీలునామా చిత్తుప్రతి తెచ్చారు. ఇద్దరు పిల్లలకూ సరిసమానంగా రాశారు, ఒక్క పైసా తేడా లేదు. కానీ పెద్దవాడి పేరు ముందు "నా కుమారుడు" అనీ, చిన్నమ్మాయి పేరు ముందు "నేను పెంచుకున్న పెంపుడు కూతురు" అనీ ఉంది. నేను ఎర్ర పెన్నుతో ఆ నాలుగు మాటలూ కొట్టేశాను. ఆ తల్లికి కోపం వచ్చింది, "ప్రేమగానే రాశాం కదండీ" అంది. ప్రేమగానే రాశారు. కానీ మన భాషలో పెంపకం, దత్తత ఒక్కటిగా వాడేస్తాం, చట్టంలో అవి ఒక్కటి కావు. దత్తత లేకుండా చేరదీసి పెంచిన బిడ్డకు వారసత్వ హక్కు రాదు. అన్నం పెట్టి, చదివించి, పెళ్ళి చేసినా రాదు. రేపు ఎవరైనా కోర్టుకెక్కితే, "చూడండి, పెంచుకున్నామనే రాశారు, దత్తత తీసుకున్నామని రాయలేదు" అన్న వాదనకు ఆ కాగితమే ఊతం. దత్తత ఉత్తర్వు చూపిస్తే ఆ వాదన ఓడిపోతుంది. అయితే ఓడేలోపు ఎన్ని వాయిదాలు, ఆ అమ్మాయి బోనులో నిలబడి తను ఎవరి కూతురో ఎన్నిసార్లు చెప్పుకోవాలి? కొట్టేసిన చోట "నా కుమార్తె" అని రాయించాను. ఉత్తర్వు నకలును వీలునామాతో పాటు భద్రంగా ఉంచుకోమన్నాను.

మీరూ అలాగే చేయండి. "నా పిల్లలకు" అని గంపగుత్తగా రాయకుండా ఇద్దరి పేర్లూ, పుట్టిన తేదీలూ రాయండి, ఇద్దరినీ "నా కుమార్తె" అనే రాయండి. ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. మీరొకటి, మీ వారొకటి, విడివిడిగా రాసుకోండి.

వీలునామాలో ఆస్తికన్నా ముఖ్యమైన వాక్యం ఇంకొకటి ఉండాలి. మీ ఇద్దరికీ ఒకేసారి ఏదైనా జరిగితే పిల్లలకు సంరక్షకులు ఎవరన్నది. హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 9వ సెక్షన్ కింద వీలునామా ద్వారా సంరక్షకులను నియమించవచ్చు. ఇద్దరికీ ఒకే వ్యక్తి పేరు రాయండి. రాసేముందు ఆ వ్యక్తి ఒప్పుకోవాలి, ఇద్దరినీ కలిపే ఉంచుతామని మీకు మాట ఇవ్వాలి. మీ ఇంట్లో ఇప్పటికే "ఈ మనవరాలు, ఆ పిల్ల" అన్న మాటలు మొదలయ్యాయి కాబట్టి దీన్ని వాయిదా వేయకండి. మీరు లేనప్పుడు పెద్దదాన్ని ఒక ఇంటికీ చిన్నదాన్ని మరో ఇంటికీ పంపుతారేమో అన్న భయం నాకుంది. అక్క జడ పట్టుకోనిదే నిద్రపోని పిల్ల ఉందని మీరే రాశారు మరి.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. మీ జీవిత బీమా పాలసీలు చిన్నమ్మాయి రాకముందు తీసుకున్నవై ఉంటాయి. నామినీగా పెద్దమ్మాయి పేరే ఉండి ఉంటుంది. బీమా చట్టానికి 2015లో చేసిన సవరణకు ముందు నామినీ అంటే సొమ్ము అందుకునే చేయి మాత్రమే, పంచాల్సింది వారసులకు. ఆ సవరణతో భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల్లో ఒకరు నామినీగా ఉంటే ఆ సొమ్ము వాళ్ళకే చెందుతుందని వాదించే వీలు వచ్చింది. ఇద్దరి పేర్లూ చెరి సగం అని రాయించండి. మైనర్లు కాబట్టి వాళ్ళ తరఫున సొమ్ము అందుకునే పెద్దవాళ్ళ పేరు కూడా అడుగుతారు. బ్యాంకు డిపాజిట్లు, పీఎఫ్, ఉద్యోగంలో ఇచ్చిన కుటుంబ వివరాలు కూడా ఈ పనిలో పనిగా సరిచూసుకోండి. ఒక సెలవు రోజు కూర్చుంటే అయిపోతుంది.

పిల్లల మధ్య అలకల గురించి రెండు మాటలు. పాపను తెచ్చుకున్నాక రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి దత్తత సంస్థ వాళ్ళు వచ్చి చూసి వెళతారు. చాలా ఇళ్ళలో ఆ రోజు ఇల్లు సర్ది, పిల్లలకు బుద్ధిగా ఉండమని చెప్పి, పరీక్షలా గడిపేస్తారు. అది పరీక్ష కాదు. సర్దుకోవడంలో ఇబ్బంది ఉంటే కౌన్సెలింగ్ ఏర్పాటు చేయాల్సిన బాధ్యత వాళ్ళది. ఆ గడువు దాటినా అడగడంలో తప్పులేదు. ముఖ్యంగా పెద్దమ్మాయిని కూడా మాట్లాడనివ్వండి, ఎందుకంటే వచ్చిన ప్రతివాళ్ళూ చిన్నదాని గురించే అడిగి వెళ్ళిపోతుంటారు. ఎప్పుడైనా కోపంలో "తెచ్చిన చోటే ఇచ్చేయండి" అంటే అదిరిపడకండి. తమ్ముడు పుట్టిన ఇళ్ళలోనూ పిల్లలు ఆ మాట అంటారు. అలవాటుపడలేదని ఇంట్లోవాళ్ళు అనుకున్నంత మాత్రాన బిడ్డను వాపసు ఇచ్చేయడం కుదరదు, ఆ సంగతి మాత్రం ఇద్దరు పిల్లలకూ మీ నోటి నుంచి తెలియాలి.

చిన్నదానికి తన పుట్టుక గురించి మీరే, చిన్నప్పటి నుంచే చెబుతూ రండి. ఆ బంధువు నోట వినకూడదు. తన మూలాలు తెలుసుకోవాలనుకుంటే 18 ఏళ్ళు నిండాక ఆమే స్వయంగా అడగవచ్చు, ఆలోపైతే మీతో కలిసి అడగాలి. కన్నవాళ్ళు వద్దని చెప్పి ఉంటే వాళ్ళ వివరాలు బయటపెట్టరు. మూడో మనిషికి ఆ హక్కు లేదు, కాబట్టి ఎవరో వెళ్ళి ఆరా తీస్తారన్న బెంగ వద్దు. దత్తత రికార్డులను సంస్థ గోప్యంగానే ఉంచాలి.

పెద్దమ్మాయి రెండో ప్రశ్న మిగిలింది. రాయొచ్చు. దత్తత ఉత్తర్వు ఆధారంగా ఇచ్చే జనన ధ్రువపత్రంలో తల్లిదండ్రులుగా మీ పేర్లే ఉంటాయి. అది ఇంకా తీసుకోకపోతే ఉత్తర్వు నకలుతో జనన మరణాల రిజిస్ట్రార్ దగ్గర దరఖాస్తు చేయండి. పాప పేరు ఇంటిపేరుతో సహా ఎలా ఉండాలో అక్కడే సరిగ్గా రాయించండి, బడిలోనూ ఆధార్‌లోనూ అదే వరసలో, అవే అక్షరాలతో ఉండేలా చూసుకోండి. అక్షరం తేడా వచ్చినా పాస్‌పోర్టు దాకా వెంటాడుతుంది. బడి ఫారంలో తల్లి, తండ్రి అన్న గళ్ళలో మీ పేర్లు రాస్తే చాలు, దత్తత అన్న మాట రాయనక్కర్లేదు. చిన్నది ఇప్పుడిప్పుడే బడికి వెళుతూ ఉంటుంది కదా, ఆ పుస్తకాల అట్టల మీద పేరు, ఇంటిపేరుతో సహా, పెద్దమ్మాయి చేతే రాయించండి.