రక్తం ఆగిన రోజే జాగ్రత్త

అమ్మలూ,

ఒక్క కుక్కపిల్ల కోసం వెళ్లి, అన్నాచెల్లెళ్లని విడదీయలేక రెండు ల్యాబ్ (ల్యాబ్రడార్) పిల్లల్నీ మాట్లాడుకొచ్చావని మీ అమ్మ చెప్పింది. నీ మనసు చిన్నప్పటి వెన్నపూసే. కానీ మూడో అంతస్తు ఫ్లాటు, పొద్దస్తమానం నీ ఉద్యోగం... ఆ లెక్క చూసుకున్నావా అసలు?

8 వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచమను. టీకాలు, నులిపురుగుల మందు తేదీ తప్పొద్దు.

గిన్నెలు వేరు, పడకలు వేరు. రోజూ ఒక్కోదాన్ని విడిగా నడిపించు, విడిగా నేర్పు. లేకపోతే ఒకదాని ధ్యాసలో ఒకటి పడి నీ మాట వినవు. ఇప్పుడు విడిగా పడుకోవడం అలవాటు కాకపోతే, ఆడది ఎదకొచ్చిన నాడు వాటిని విడదీయడం నీ తరం కాదు.

నా భయమంతా అక్కడే. తోబుట్టువులన్న పట్టింపు కుక్కలకి ఉండదు. మగది ఆరేడు నెలలకే తయారవుతుంది. ల్యాబ్ ఆడది ఎక్కువగా 8 నెలలకీ ఏడాదికీ మధ్య తొలిసారి ఎదకొస్తుంది. ఎద సుమారు 3 వారాలు. మొదటి వారం రక్తం చుక్కలు పడతాయి, మగది దగ్గరికొస్తే కరవబోతుంది. "అదే తరిమేస్తోందిగా" అని ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు. తొమ్మిది పది రోజులకి రక్తం పలచబడి మాంసం కడిగిన నీళ్ల రంగుకొస్తుంది, ఒక్కోసారి మరకే ఉండదు. హమ్మయ్య, అయిపోయిందని తలుపు తీస్తారు. కడుపొచ్చే రోజులు సరిగ్గా అవే! నడుము చివర గోకి చూడు. తోక పక్కకి తిప్పి కదలకుండా నిలబడిందంటే మగదాన్ని ఒప్పుకుంటుంది. అందుకే తొలి చుక్క పడ్డ రోజు క్యాలెండర్‌లో రాసిపెట్టి, 4 వారాలు మధ్యలో మూసిన తలుపు ఉంచు. గ్రిల్లు చాలదు. ఒకవేళ జతకట్టి ముడిపడిపోతే లాగకు, రెండింటికీ గాయాలవుతాయి. సాధారణంగా అరగంటలోపు వాటంతటవే విడిపోతాయి. ఆ రోజే డాక్టరుకి చెప్పు, సిగ్గుపడి దాచకు.

ఎద మొదలయ్యాక మగదాన్ని ఆపరేషన్‌కి పరిగెత్తించి, సాయంత్రానికే కలిపేసేవాళ్లూ ఉన్నారు. వృషణాలు తీసేసినా నాళాల్లో మిగిలిన వీర్యం కొన్ని వారాలు పనిచేస్తుంది. 6 వారాలు దూరం ఉంచాలి.

పెద్ద జాతి కదా, ఎముకలు ముదరడానికి వృషణాల, అండాశయాల హార్మోన్లు కావాలి. ఆపరేషన్‌కి తొందరపడితే కీళ్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. నన్నడిగితే మగదానికి ఏడో నెలలో చేయించు, ఆడదానికి ఏడాది దాటాక, ఎద అయిన 2, 3 నెలలకి. ఎదలో ఉండగా రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి, రక్తం ఎక్కువ పోతుంది. అలాగని ఏళ్ల తరబడి వాయిదా వేయకు. ఎద తర్వాత గర్భసంచికి చీము పట్టిందంటే ప్రాణం మీదికొస్తుంది.

ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) చూడమను. మన దగ్గర గోమార్ల వల్ల టిక్ ఫీవర్ లోపలే ఉండి, బల్ల మీద రక్తం ఆగక బయటపడుతుంది. తర్వాత మెడకి గరాటు కట్టినా, రెండోది వచ్చి దాని కుట్లు నాకేస్తుంది. 10 నుంచి 14 రోజులు వేరే గది.

ఇంత తిట్టానని మానుకోకు. చేతనైనదానివే.

చింటూ, మింటూ లాంటి పేర్లు మాత్రం పెట్టకు. ఒకదాన్ని పిలిస్తే రెండూ వస్తాయి, లేదా రెండూ రావు. గిన్నెలు నేను పంపిస్తా, కొనకు.

మీ పెద్దమ్మ