రిపోర్టు థైరాయిడ్ ఎక్కువంటోంది, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు... మాత్రలు మొదలుపెట్టాలా?

ప్రశ్న: నా వయసు 33. జుట్టు బాగా ఊడుతోందని నాలుగు నెలలుగా 10 మిల్లీగ్రాముల బయోటిన్ మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నాను. ఈ మధ్య జనరల్ చెకప్‌లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్, థైరాయిడ్ ఎక్కువైతే ఇది తగ్గుతుందట) బాగా తక్కువగా 0.03 వచ్చింది, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) ఎక్కువగా ఉంది. తర్వాత చేసిన యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్. గ్రేవ్స్ వ్యాధి, అంటే ఒంట్లోని యాంటీబాడీలే థైరాయిడ్‌ని అతిగా పనిచేయించే జబ్బు అని చెప్పి, థైరాయిడ్‌ని తగ్గించే కార్బిమజోల్ మాత్రలు రాసిచ్చారు. కానీ నాకు గుండెదడ లేదు, బరువు తగ్గలేదు, నిద్ర బాగానే పడుతోంది. టెన్షన్‌తో వేరే ల్యాబ్‌లో చేయిస్తే టీఎస్‌హెచ్ 1.9, అంతా నార్మల్. ఏ రిపోర్టు నమ్మాలి? మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు.
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఆ జుట్టు మాత్ర సంగతి. చాలామంది దీన్ని చెప్పనే చెప్పరు. విటమినే కదా, మందు కాదు కదా అనుకుంటారు, "ఏం మందులు వాడుతున్నారు?" అని డాక్టర్ అడిగినా "ఏమీ లేవండీ" అనేస్తారు. మీరు చెప్పారు కాబట్టి చెప్తున్నాను, మీ మొదటి రిపోర్టు తప్పయి ఉండే అవకాశం గట్టిగానే ఉంది. మిమ్మల్ని చూడకుండా నేను ఖాయంగా తేల్చలేను, కానీ తేల్చుకోవడం మాత్రం చాలా సులువు.

బయోటిన్ మీ థైరాయిడ్‌ని ఏమీ చెయ్యదు. అది పాడుచేసేది పరీక్షని. ఎలాగో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే రెండు ల్యాబ్‌లు రెండు రకాలుగా ఎందుకు చెప్పాయో మీకే తెలిసిపోతుంది.

హార్మోన్లు రక్తంలో చాలా చాలా తక్కువ మోతాదులో తిరుగుతుంటాయి, మామూలు రసాయన పరీక్షలకి అందవు. 1950ల చివర్లో రోజాలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇన్సులిన్ మీద పనిచేస్తూ దీనికి దారి కనిపెట్టారు: ఆ హార్మోన్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీని ఎరగా వాడి, ఎంత పట్టుబడిందో లెక్కగట్టడం. హార్మోన్ల వైద్యం అంతా దాని మీదే నిలబడిందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. 1977లో యాలోకి నోబెల్ వచ్చింది, బెర్సన్ అప్పటికే చనిపోయారు. వాళ్లు రేడియోధార్మిక పదార్థం వాడారు, ఇప్పటి మెషీన్లలో ఎక్కువగా వెలుగుని కొలుస్తారు, కానీ మూలసూత్రం అదే.

ఈ మెషీన్లలో చాలావాటికి ఒక జిగురు కావాలి. హార్మోన్‌ని పట్టుకున్న యాంటీబాడీని సన్నటి పూసలకి అతికించి, మిగతాదంతా కడిగేసి, పూసల మీద మిగిలినదాన్ని కొలవాలి. ఆ జిగురుగా కొన్ని కంపెనీలు ఎంచుకున్నది బయోటిన్‌నే. పూసల మీద స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్ పూస్తారు, యాంటీబాడీకి బయోటిన్ తగిలిస్తారు. ఈ రెండూ కలిస్తే విడదీయడం దాదాపు అసాధ్యం, ప్రకృతిలో తెలిసిన గట్టి పట్టుల్లో ఇదొకటి.

ఇప్పుడు మీ రక్తంలోనే బోలెడంత బయోటిన్ ఉంటే ఏమవుతుంది? పూసల మీద ఉన్న చోటంతా అదే ఆక్రమించేస్తుంది. పరీక్ష కోసం తయారుచేసిన యాంటీబాడీకి చోటు దొరకదు, కడిగినప్పుడు అదీ కొట్టుకుపోతుంది, వెలుగు తగ్గిపోతుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో వెలుగు తగ్గితే హార్మోన్ తక్కువున్నట్టు లెక్క. ఫ్రీ టీ4 పరీక్ష తీరు వేరు, అక్కడ మీ హార్మోన్, మెషీన్‌లోని గుర్తు తగిలించిన హార్మోన్ ఒకే చోటు కోసం పోటీపడతాయి కాబట్టి వెలుగు తగ్గితే హార్మోన్ ఎక్కువున్నట్టు లెక్క. అంటే ఒకే బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపిస్తాయి. నిజంగా థైరాయిడ్ ఎక్కువైనప్పుడు వచ్చే అంకెలూ సరిగ్గా ఇవే! గ్రేవ్స్ యాంటీబాడీ పరీక్ష కూడా కొన్ని మెషీన్లలో పోటీ పద్ధతిలోనే నడుస్తుంది, అదీ ఉత్తపుణ్యానికి పాజిటివ్ చూపిస్తుంది. మూడు రిపోర్టులూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్తున్నట్టుంటే ఏ డాక్టరైనా నమ్ముతారు. అందుకే మీ డాక్టర్‌ని నేను తప్పుపట్టను, ఆయనకి జుట్టు మాత్ర సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

ఇది నా ఊహ కాదు. పుట్టుకతో జీవక్రియ లోపాలున్న కొందరు పిల్లలకి బయోటిన్ పెద్ద మోతాదులో ఇస్తారు, అలాంటి 6 మంది పిల్లల్లో రిపోర్టులన్నీ అచ్చం గ్రేవ్స్‌లా వచ్చాయని 2016లో వైద్యులు ఒక పత్రికలో రాశారు. మరుసటి ఏడాది అమెరికాలో 6 మంది ఆరోగ్యవంతులకి వారం రోజులు రోజుకి 10 మిల్లీగ్రాములు, అంటే సరిగ్గా మీ మోతాదే, ఇచ్చి వాళ్ల రక్తాన్ని రకరకాల మెషీన్ల మీద పరీక్షించారు. బయోటిన్ జిగురు వాడే 23 పరీక్షల్లో 9 తప్పుదారి పట్టాయి. ఆరుగురంటే చిన్న అధ్యయనమే, కానీ ఇక్కడ అడిగిన ప్రశ్న మెషీన్ గురించి, దానికి అది చాలు. 2017 నవంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి బహిరంగంగా హెచ్చరిక ఇచ్చింది. ఆ తర్వాత కంపెనీలు చాలా కిట్‌లని మార్చాయి, కొత్తవి బయోటిన్‌ని బాగానే తట్టుకుంటాయి. పాతవి ఇంకా అక్కడక్కడా వాడకంలో ఉండొచ్చు. మీ రెండో ల్యాబ్‌లో నార్మల్ రావడానికి కారణం బహుశా వేరే రకం మెషీన్ కావచ్చు, లేదా ఆ రోజు మీరు మాత్ర వేసుకోకపోవడం కావచ్చు.

ఇక చెయ్యాల్సింది. ముందు కార్బిమజోల్ రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి బయోటిన్ సంగతి, రెండో రిపోర్టు సంగతి చెప్పండి, మళ్లీ పరీక్ష చేయించేదాకా కార్బిమజోల్ మొదలుపెట్టకుండా ఆగొచ్చా అని అడగండి. ఆయన ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. బయోటిన్ ఆపెయ్యండి. కనీసం 2 రోజులు ఆపాలని అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ చెప్తుంది, మీ మోతాదుకి నేనైతే 3 రోజులు ఆపమంటాను, కిడ్నీ జబ్బు ఉంటే ఇంకా ఎక్కువ రోజులు, ఎందుకంటే అది మూత్రంలోనే బయటికి పోవాలి. జీవక్రియ లోపానికి బయోటిన్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఒక్క రోజు కూడా ఆపకూడదు, వాళ్లకి అది ప్రాణాధారం, ల్యాబ్‌కి చెప్పి వేరే పద్ధతిలో చేయించుకోవాలి. మీరు రక్తం ఇచ్చేది మొదటి ల్యాబ్‌లోనే ఇవ్వండి. మెషీన్ మారితే మళ్లీ అయోమయం మొదలవుతుంది.

అప్పుడు మూడూ నార్మల్ వస్తే మీకు గ్రేవ్స్ లేదు, ఫైలు మూసెయ్యొచ్చు. అలా కాకుండా టీఎస్‌హెచ్ మళ్లీ తక్కువే వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. లక్షణాలు లేకుండా కూడా థైరాయిడ్ ఎక్కువవుతుంది, వదిలేస్తే గుండె లయ తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. గర్భం మొదటి నెలల్లోనూ టీఎస్‌హెచ్ తగ్గుతుంది, థైరాయిడ్ వాచి కొన్ని వారాల పాటు హార్మోన్ రక్తంలోకి కారినా తగ్గుతుంది. ఈ రెండింటికీ సాధారణంగా కార్బిమజోల్ అవసరం ఉండదు, కాబట్టి అసలు కారణం తేలాకే మందు. ఆ మందు మంచిదే, గ్రేవ్స్‌లో నేనూ రాస్తాను, కానీ వెయ్యి మందిలో ఇద్దరి నుంచి ఐదుగురికి తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. లేని జబ్బుకి ఆ ప్రమాదం ఎందుకు?

థైరాయిడ్ ఒక్కటే కాదు. ఇదే పద్ధతిలో చేసే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, పారాథైరాయిడ్ హార్మోన్ తక్కువగా, ఈస్ట్రడయాల్, టెస్టోస్టిరాన్, కార్టిసాల్, విటమిన్ డి ఎక్కువగా కనిపించొచ్చు. పిల్లలు పుట్టడం లేదని పరీక్షలు చేయించుకుంటూ జుట్టు మాత్ర వేసుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ట్రోపోనిన్, గుండెపోటు తెలుసుకునే పరీక్ష. అది తప్పుగా తక్కువ వచ్చి, బయోటిన్ వాడుతున్న ఒకరు చనిపోయారని ఎఫ్‌డీఏ హెచ్చరికలోనే ఉంది. ఛాతీనొప్పితో ఆసుపత్రికి వెళ్తే ఈ మాత్ర సంగతి మొట్టమొదటే చెప్పాలి, ఇంట్లోవాళ్లకీ తెలిసి ఉండాలి.

జుట్టు సంగతికొస్తే, పెద్దవాళ్లకి రోజుకి 30 మైక్రోగ్రాముల బయోటిన్ చాలు, మీరు వేసుకుంటున్నది దానికి 300 రెట్లకి పైనే. లోపం లేనివాళ్లకి దీనివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు, నిజమైన లోపం చాలా అరుదు. జుట్టు ఊడడం మొదలవడానికి రెండు మూడు నెలల ముందు గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్ లాంటివి ఏమైనా జరిగాయా గుర్తు చేసుకోండి, వాటివల్లా జుట్టు ఊడుతుంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి.

ఈలోగా గుండెదడ, చేతులు వణకడం, కారణం లేకుండా బరువు తగ్గడం మొదలైతే 3 రోజులు ఆగకుండా వెంటనే డాక్టర్‌ని కలవండి. కొత్త రిపోర్టు రాగానే పాత రెండింటితో కలిపి ఆయనకి చూపించండి, రక్తం ఇచ్చేముందు చివరి బయోటిన్ మాత్ర ఏ రోజు వేసుకున్నారో దాని మీద రాసి మరీ ఇవ్వండి.