తమ్ముడి గురించి మూడు వాక్యాలు

ఉత్తరం

అమ్మా, నా వయసు 27. పదో తరగతి కాగానే కతోలిక గురువులను తయారుచేసే సెమినరీలో చేరాను. ఇంటర్, డిగ్రీ, తత్త్వశాస్త్రం, సెమినరీ బయట పనిచేసే ఒక ఏడాది రీజెన్సీ పూర్తిచేసి ఇప్పుడు దైవశాస్త్రం మూడో సంవత్సరంలో ఉన్నాను. వచ్చే ఏడాది గురువు కావడానికి ముందు మెట్టయిన డీకన్ పట్టం, ఆపైన గురుపట్టాభిషేకం. రీజెన్సీలో నేను పాఠాలు చెప్పిన బడిలో ఒక టీచరు గారు పరిచయమయ్యారు. మూడేళ్లయినా ఆమె ఆలోచన నన్ను వదలడం లేదు. పండగలకు శుభాకాంక్షలు పంపుతారు, నేనూ పంపుతాను. అంతకు మించి ఏమీ లేదు. జపమాల చెప్పుకుంటున్నా ఆమే గుర్తుకొస్తారు. మా బ్యాచ్‌లో ఒకతను తెల్లవారుజామున నాలుగింటికే ప్రార్థనాలయంలో మోకాళ్ల మీద ఉంటాడు. ఇంకొకతను కీబోర్డు ముందు కూర్చుంటే పిల్లలు చుట్టూ మూగుతారు. మరొకతను చదువులో దిట్ట, పై చదువులకు రోముకు పంపిస్తారంటున్నారు. నేను ఎవరికీ సరిరాను. నాతోపాటు చేరిన ఒక మిత్రుడు నిరుడు పడిపోయి ఇంటికి వెళ్లిపోయాడు. నాకూ అదే గతి అనిపిస్తోంది. ఇంటి దగ్గర నాన్న కౌలుకు మిరప వేస్తారు. ఆయన ఆరోగ్యం బాగాలేక తమ్ముడు ఇంటర్‌తో చదువు ఆపేసి అంతా చూస్తున్నాడు. వాడికి సంబంధం కుదిరింది కానీ, నా పట్టాభిషేకం అయ్యాకే పెళ్లి అని నాన్న పట్టు. క్రిస్మస్ తర్వాత ఇంటికి వెళ్లి వచ్చేటప్పుడు వాడే బండి మీద బస్టాండులో దింపాడు, దారంతా ఒక్క మాటా మాట్లాడలేదు. ఒక స్త్రీని తలచుకునే నేను బలిపీఠం ముందు నిలబడవచ్చా? బయటికి వచ్చేయమంటారా?

సలహా

బాబూ,

ఊళ్లో మీ తాత వయసువాళ్లు కూడా మిమ్మల్ని ‘బ్రదర్ గారూ’ అని పిలుస్తారని తెలుసు. నాకు మీ వయసు కొడుకున్నాడు, అందుకే బాబూ అనే అంటాను.

టీచరు గారి సంగతి ముందు తేల్చేస్తాను. పదిహేనేళ్లకే సెమినరీలో చేరిన కుర్రవాడు మొదటిసారి గోడ దాటి ఏడాదిపాటు బయట పనిచేశాడు. అక్కడ తనతో మర్యాదగా మాట్లాడిన ఒక మనిషి మనసులో నిలిచిపోయింది. ఇందులో పాపం ఎక్కడుంది? ఆమెకు మీ మీద అలాంటి ఆలోచన ఉన్నట్టు మీ ఉత్తరంలో ఒక్క ముక్కా లేదు. ఆమెను ఈ వ్యవహారంలోకి లాగకండి. మనసులో ఉన్నది మీ ఆధ్యాత్మిక గురువుకు చెప్పండి. చెబితే పంపించేస్తారేమో అన్న భయం మీకు ఉండకూడదు. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 240వ నిబంధన మీరు చదువుకున్నదే కదా. ఎవరికి పట్టం ఇవ్వాలి, ఎవరిని పంపించాలి అని తేల్చేటప్పుడు ఆధ్యాత్మిక గురువునూ పాపసంకీర్తనం వినే గురువునూ అభిప్రాయం అడగనే కూడదని అందులో స్పష్టంగా ఉంది.

ఇక మీ స్నేహితులు. నేను కొన్నేళ్లపాటు ఒక సెమినరీకి వారానికి రెండు రోజులు వెళ్లి మనస్తత్వ శాస్త్రం పాఠాలు చెప్పాను. మీరు రాసిన ముగ్గురూ నాకు తెలిసినవాళ్లలాగే అనిపించారు. వేరే పేర్లతో ప్రతి తరగతిలోనూ ఉండేవారు.

నాలుగింటికే లేచి ప్రార్థించేవాడు మా తరగతిలోనూ ఒకడు ఉండేవాడు. అతన్ని చూసి మిగతావాళ్లు మీలాగే కుంగిపోయేవారు. ఒకరోజు నాతో మాట్లాడుతూ చెప్పాడు: చిన్నప్పుడు ఇంట్లో రాత్రుళ్లు తండ్రి తాగి వచ్చి కేకలు వేసేవాడట, తెల్లవారుజామున మాత్రమే ఇల్లు నిశ్శబ్దంగా ఉండేదట. ఆ వేళకు మెలకువ రావడం అలవాటైపోయింది. తోటివాళ్లంతా భక్తి అనుకున్నది మొదట్లో ఆ పిల్లవాడి దిగులు. ఆ దిగులే మెల్లగా నిజమైన ప్రార్థనగా మారింది, ఇప్పుడతను ఒక విచారణను, అంటే ఒక గుడినీ దాని సంఘాన్నీ చూసుకునే మంచి విచారణ గురువు. కానీ అతని నాలుగు గంటలు అతనివి. మీరు అలారం పెట్టుకుని లేచినంత మాత్రాన అవి మీకు రావు.

పాటలు పాడేవాడి దగ్గరికి పిల్లలు పరుగెత్తుకు రావడం నేనూ చూశాను. అదే అబ్బాయి గదికి వెళ్లి ఒంటరిగా కూర్చోవాలంటే తల్లడిల్లిపోయేవాడు. చదువులో దిట్ట అయినవాడు ఆదివారం ఆసుపత్రికి రోగుల దగ్గరికి తీసుకువెళితే వార్డు గుమ్మంలోనే నిలబడిపోయేవాడు. మంచం దగ్గరికి వెళ్లడానికి అతనికి ఏడాది పట్టింది. మీరు ఒకరిలో ప్రార్థన, ఒకరిలో పాట, ఒకరిలో చదువు మాత్రమే చూసి, మూడూ కలిపిన మనిషితో మిమ్మల్ని పోల్చుకుంటున్నారు. అలాంటి మనిషి మీ సెమినరీలో లేడు. 1992లో రెండో జాన్ పాల్ పోపు గారు గురువుల శిక్షణ గురించి రాసిన పత్రంలో ఆధ్యాత్మికత, చదువు, సేవ అన్నింటికీ పునాదిగా మానవీయ శిక్షణను పెట్టారు. లాటిన్ రాక పరీక్షల్లో తడబడిన జాన్ మరియ వియాన్నీ గారికి 1815లో పట్టం ఇచ్చిన శ్రీసభే, 1929లో ఆయన్ని విచారణ గురువులందరికీ పాలక పునీతుడిగా ప్రకటించింది. యోగ్యత లెక్కలు ఇక్కడితో ఆపండి.

ఆ నాలుగో మిత్రుడి గురించి ‘పడిపోయాడు’ అని రాశారు. ఈ మాట నాకు బాధ కలిగించింది. ఎవరైనా వెళ్లిపోయిన రోజు భోజనాల దగ్గర ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది, ఎవరూ ఆ పేరెత్తరు, వారం తిరక్కుండా ఆ మంచం మీదికి వేరొకరి పరుపు వస్తుంది. నేను చూశాను. పదేళ్లు కలిసి తిన్న మనిషి గురించి అంత మౌనం ఎందుకు? అతను ముందే తెలుసుకుని తన దారిన వెళ్లాడు. ఈ వారంలో అతనికి ఫోన్ చేయండి.

ఇప్పుడు అసలు విషయం. మీ ఉత్తరం పెద్దది. అందులో తమ్ముడి గురించి ఉన్నవి మూడు వాక్యాలు. చదువు ఆపేశాడు, పెళ్లి ఆగింది, దారంతా మాట్లాడలేదు. మీరు వాటిని దాటుకుంటూ వెళ్లి చివర్లో మళ్లీ టీచరు గారి దగ్గరికి వచ్చేశారు. ఆ మూడు వాక్యాలే రాసి పంపినా నాకు సరిపోయేది.

ఇంటికి పెద్దకొడుకు మీరు. పెద్దకొడుకు అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. దేవుడి పనికి వెళ్తే ఆ బాధ్యత తప్పుతుందని నేను అనుకోను, మారుతుంది. మూటను ఒకరి తల మీది నుంచి ఇంకొకరి తల మీదికి మార్చేటప్పుడు ‘పట్టుకున్నావా’ అని అడుగుతాం. మీ ఇంట్లో ఎవరూ ఆ అబ్బాయిని అడగలేదు. మీరు సంచీ సర్దుకుని వెళ్లేనాటికి అతనికి పదమూడో పద్నాలుగో ఉంటాయి. అన్న గురువు అవుతాడని ఊరంతా సంతోషించింది. ఇతను ఎకరాలు, ఎరువులు, కూలీలు, నాన్న మందులు చూసుకున్నాడు. మీరు తెల్లటి అంగీ వేసుకుని గుడిలో పఠనం చదువుతుంటే వెనక వరసలో నిలబడి విన్నాడు. ఇప్పుడు అతని పెళ్లి కూడా మీ పట్టాభిషేకం వెనకే నిలబడింది.

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు గుర్తొస్తున్నాడు. నెలకొక ఆదివారం ఇంటివాళ్లు చూడటానికి వచ్చేవారు. అందరి అమ్మలూ చెట్ల కింద దుప్పటి పరిచి, అరిసెలు, పచ్చడి సీసా, కోడికూర తెచ్చి వడ్డించేవారు. ఇతని కోసం అన్నయ్య వచ్చేవాడు. అన్నయ్యతో గేటు దగ్గరే మాట్లాడి పంపేసేవాడు. ఆ కాళ్లకు చెప్పులు ఉండేవి కావు, అది తోటివాళ్లు చూడకూడదని. కొన్నేళ్ల తర్వాత అతని పట్టాభిషేకానికి నేను వెళ్లాను. మేత్రాణులు (బిషప్ గారు) పవిత్ర తైలం పూసిన ఆ అరచేతులను ముద్దుపెట్టుకోవడానికి జనం బారులు తీరారు. అమ్మా నాన్నా అయ్యారు, మేనమామలు అయ్యారు. అన్నయ్య కనిపించలేదు. పందిట్లో డ్రమ్ముల్లో నీళ్లు నింపుతున్నాడు. కొత్త ఫాదర్ గారు వరసను ఆపించి, తనే లేచి అక్కడికి వెళ్లి, ఆ తడి చేతులను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆయనకు ఆ పని చేయడానికి పన్నెండేళ్లు పట్టింది. మీరు అంత ఆలస్యం చేయకండి.

పీఠానికి కానుక తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే ఉంచి ముందు వెళ్లి అతనితో సమాధానపడు. మత్తయి ఐదో అధ్యాయంలోని ఈ మాట మీద మీరు సాధన ప్రసంగాలు చెప్పే ఉంటారు. బలిపీఠం ముందు నిలబడవచ్చా అని నన్ను అడిగారు. అడగవలసినది ఆ స్త్రీ గురించి కాదు. మార్కు ఏడో అధ్యాయంలో ‘కొర్బాను’ గురించి ప్రభువు కోపగించుకున్నదీ ఇందుకే. దేవుడికి ఇచ్చేశాను అన్న ఒక్క మాటతో ఇంటివాళ్లకు చేయవలసింది ఎగ్గొట్టకూడదు.

అలాగని అప్పు తీర్చినట్టు బయటికి వచ్చేయకండి. మీరు ఆ దారిన ఆలోచిస్తున్నారని నాకు అనుమానం. టీచరు గారి పేరు చెప్పి బయటపడితే తమ్ముడి ముఖం చూడగలనని మీకు లోలోపల అనిపిస్తున్నట్టుంది. రేపు మీరు వచ్చి పొలంలో నిలబడ్డంత మాత్రాన అతని పోయిన చదువు తిరిగి రాదు. మీ మీద ఊరు అనే మాటలు కూడా అతనే మోయాలి.

పట్టం కోసం ఎవరినీ ఏ విధంగానూ బలవంతం చేయకూడదని అదే శ్రీసభ చట్టంలోని 1026వ నిబంధన. డీకన్ పట్టానికి ముందు, ఇది నా సొంత ఇష్టంతో స్వేచ్ఛగా తీసుకుంటున్నానని మీ చేతిరాతతో రాసి సంతకం పెట్టాలని 1036. ఆ కాగితం లాంఛనం అనుకోకండి. డీకన్ పట్టంతోనే బ్రహ్మచర్యం మాట ఇస్తారు, దాని నుంచి విడుదల చేయగలిగింది పోపు గారు ఒక్కరే. డీకన్ పట్టానికీ గురుపట్టానికీ మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలి. అంటే మీ నాన్నగారి లెక్క ప్రకారం ఆ పిల్ల, ఆ పిల్ల తల్లిదండ్రులు ఇంకా ఎంతకాలం ఎదురుచూడాలో మీరే చూడండి. మీరు సంతకం పెట్టేటప్పుడు వెనక ఇంకొకరి పెళ్లి తాకట్టు ఉంటే దాన్ని స్వేచ్ఛ అని ఎలా రాస్తారు?

ఏప్రిల్‌లో సెలవులు వస్తాయి కదా. విచారణ గురువు గారి దగ్గర ఉండటానికి బదులు, ఆయన అనుమతి తీసుకుని ఈసారి ఇంట్లోనే ఉండండి. ఆఖరి కోత కాయ ఇంకా కల్లంలో ఉంటుంది. అంగీ దండెం మీద పెట్టి, తమ్ముడి పక్కన కూర్చుని తాలుకాయలు ఏరండి. సాయంత్రానికి చేతులు మండుతాయి, కళ్లు తుడుచుకోలేరు. మిరప టిక్కీలు (బస్తాలు) మార్కెట్ యార్డుకు వెళ్లే రాత్రి మీరూ వెంట వెళ్లండి. రెండు మూడు రోజులు గడిచాక అడగండి: ‘నేను వెళ్లినప్పుడు నీకు ఎలా అనిపించింది?’ అతను కోప్పడితే కోప్పడనివ్వండి. బైబిల్ వాక్యం చెప్పకండి, ఓదార్చకండి, ‘దేవుడి చిత్తం’ అనే మాట అసలు ఎత్తకండి. ఏమీ చెప్పకపోయినా మరుసటి రోజు మళ్లీ పక్కన కూర్చోండి.

నాన్నగారితో మాట్లాడవలసింది మాత్రం మీరే, తమ్ముడి చేత మాట్లాడించకండి. మన ఇళ్లలో గురువు కాబోయే కొడుకు మాట తండ్రి కాదనడు. పేద కుటుంబం నుంచి వచ్చి 2022లో కార్డినల్ అయిన పూల అంతోని గారి బొమ్మ గోడ మీద పెట్టుకున్న ఇళ్లు ఎన్నో చూశాను, ఆ ఆశ ఎంత గొప్పదో నాకు తెలుసు. నాన్నగారి ఆశను తప్పుపట్టకండి. ఈస్టరు దాటాక మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదివించి తమ్ముడి పెళ్లి చేద్దామని చెప్పండి. నా పట్టాభిషేకం విందుకు అప్పు చేయవద్దని కూడా అప్పుడే చెప్పండి. మీ ఊరి గుడిలో ఒక పూజ, వచ్చినవాళ్లకు పప్పన్నం చాలు.

ఆ తర్వాత జూన్‌లో తిరిగి వెళ్లి మీ ఆధ్యాత్మిక గురువు ముందు కూర్చోండి. అప్పుడు కూడా బ్రహ్మచారిగా బతకడం మీకు ఇష్టం లేదనిపిస్తే తలెత్తుకుని ఇంటికి రండి. ఇష్టమే అనిపిస్తే ఆ కాగితం రాసి ఇవ్వండి. రెండింటిలో ఏది అన్నది నేను చెప్పను, మీ నాన్నగారూ చెప్పకూడదు.

సెలవులకు ఊరు చేరగానే తమ్ముడు బండి తెస్తానంటే వద్దనకండి. వెనక కూర్చున్నాక, ఈసారి మాట మీరే మొదలుపెట్టండి. ఆ అమ్మాయి పేరు ఏమిటని అడగండి. మీ ఉత్తరంలో అది కూడా లేదు.