అన్నయ్యకు అర్థం కాదని నువ్వే తేల్చేశావా?

"నాకు ఇరవై ఏళ్లు. హైదరాబాద్ శివార్లలో కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. క్లాసులో పాత నోట్సు చదివి వినిపిస్తారు. అందుకే కాలేజీకి వెళ్లడం తగ్గించి, హాస్టల్ గదిలో ఎన్‌పీటెల్ (ఐఐటీ మాస్టార్ల ఆన్‌లైన్ పాఠాలు), యూట్యూబ్ పాఠాలు వింటున్నాను. ఎనిమిది ఆన్‌లైన్ కోర్సుల్లో చేరాను. కాలేజీలో నాలుగు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. నాన్న పోయాక అన్నయ్య ఇంటర్‌తో చదువు ఆపేసి ఖమ్మం మిర్చి మార్కెట్‌లో గుమస్తాగా చేరాడు. రీయింబర్స్‌మెంట్ పోను మిగిలిన ఫీజు, హాస్టల్ ఖర్చు తనే కడతాడు. బ్యాక్‌లాగ్‌ల సంగతి తనకు తెలియదు, చెప్పినా అర్థం కాదు. ఈ రోజుల్లో డిగ్రీ కంటే సొంతంగా ఆన్‌లైన్‌లో నేర్చుకోవడమే మేలు కదా? కాలేజీ మానేయనా?"
- ఓ పాఠకుడు, ఖమ్మం జిల్లా

బాబూ, నువ్వడిగినదానికి జవాబు చిన్నదే. మానకు. ఒకటి పట్టుకోవాలంటే రెండోది వదలాలన్న నిబంధన ఇప్పుడు లేదు. కాలేజీలో ఒక డిగ్రీ చదువుతూనే దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో ఇంకో డిగ్రీ చేసుకోవచ్చని యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022లోనే అనుమతిచ్చింది. ఐఐటీ మద్రాసు 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ కోర్సుకు జేఈఈ ర్యాంకు కూడా అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి అర్హత పరీక్ష నెగ్గితే చేర్చుకుంటారు. కాలేజీ వదిలేస్తే మాత్రం నీ చేతిలో మిగిలేది ఇంటర్ మెమో ఒక్కటే. రేపు గ్రూప్స్ రాయాలన్నా, బ్యాంకు పీవో పరీక్షకు కూర్చోవాలన్నా డిగ్రీ లేనిదే దరఖాస్తే తీసుకోరు.

నీ ఉత్తరంలో నన్ను ఆపింది ఇది కాదు. "చెప్పినా అర్థం కాదు" అన్న మాట. ఏ సరుకు క్వింటాకు ఎంత పలికింది, ఎన్ని బస్తాలు, తరుగెంత, హమాలీ ఎంత, రైతు చేతికి వచ్చేదెంత అని రోజంతా లెక్క రాసే మనిషికి, నాలుగు సబ్జెక్టులు పోయాయంటే అర్థం కాదా? తేజ మిర్చి ముంచెత్తే రోజుల్లో ఆ ఘాటులో దగ్గుతూ నిలబడి నీకు డబ్బు పంపుతున్న మనిషి! అతనికి బాగా అర్థమవుతుందనే నువ్వు చెప్పడం లేదు.

నన్ను ఎమ్మే చదివించింది మా అక్క. మిషను కుట్టి. ఒక పేపరు తప్పాను, దాదాపు ఏడాది దాచాను. ఆ ఏడాదంతా ఇంటికి వెళ్తే అక్క మొహం చూసి అన్నం తినలేకపోయాను. చివరికి చెబితే అక్క తిట్టింది పేపరు పోయినందుకు కాదు, దాచినందుకు. ఇంట్లో ఒకరి కష్టం మీద చదివేవాళ్లకు మార్కులు తగ్గే హక్కు ఉంది. దాచే హక్కు లేదు. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

ఆన్‌లైన్ చదువును తక్కువ చేయడం లేదు. 2003లో ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి ఎన్‌పీటెల్ మొదలుపెట్టాక ఏ ఊరి పిల్లలకైనా ఆ మాస్టార్ల పాఠం అందుతోంది. మా కాలంలో ఊహించనిది. కానీ ఎనిమిది కోర్సుల్లో చేరానన్నావు, పూర్తి చేసినది ఒక్కటీ రాయలేదు. ఎన్‌పీటెల్ సర్టిఫికెట్‌కు వారం వారం అసైన్‌మెంట్లకు 25 శాతం, సెంటర్‌కు వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం లెక్క వేస్తారు. ఏడింటిని పక్కనపెట్టి ఒక్కదాన్ని ఆ పరీక్ష దాకా తీసుకెళ్లు. ఆ క్రెడిట్లు బీటెక్‌లో కలుపుతారేమో కాలేజీలో అడుగు, ఎన్‌పీటెల్ పాఠాలూ ఉండే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం' కోర్సులకు 40 శాతం క్రెడిట్ల దాకా యూజీసీ వీలిచ్చింది. హాజరు సంగతి కూడా చూసుకో. జేఎన్‌టీయూ కింద కాలేజీ అయితే 75 శాతం ఉండాలి, 65 కన్నా దిగితే ఆ సెమిస్టరంతా మళ్లీ చదవాల్సిందే. ఆ ఖర్చు కూడా అన్నయ్య మీదే పడుతుంది.

మార్కెట్‌కు సెలవున్న రోజు చూసుకుని ఇంటికి వెళ్లు. ఫోన్లో చెప్పకు. మార్కుల మెమోలు తీసుకెళ్లి అన్నయ్య ముందు పెట్టు. కోప్పడితే పడనివ్వు, మధ్యలో కాలేజీని తిట్టకు. అంతా అయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి నువ్వు వినే పాఠం ఒకటి చూపించు, నీకు ఏది ఇష్టమో చెప్పు.

ఆ తర్వాత ఒక్క మాట అడుగు: "ఇంటర్ తర్వాత నువ్వేం చదవాలనుకున్నావన్నా?" ఇన్నేళ్లలో ఎప్పుడైనా అడిగావా? దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పెట్టారు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్న అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ. ఉద్యోగాలు చేసుకునేవాళ్లూ చదువుకోవాలనే పెట్టారు. అన్నయ్య ఇంటర్ పాసయ్యాడు కాబట్టి నేరుగా డిగ్రీలో చేరొచ్చు. ఇంట్లో కూర్చుని సొంతంగా చదువుకునే విద్య నీకు తెలుసు కదా, అన్నయ్య పక్కన కూర్చుని చెప్పు. వద్దంటే బలవంతం చేయకు. సరేనంటే దరఖాస్తుకు ఇంటర్ మెమో కావాలి. అమ్మ బీరువాలో ఉందేమో, ముందే వెతికిపెట్టు.