బ్యాండ్ సా చక్రాలు మళ్లీ బిగించే ముందు

చిరంజీవి అల్లుడికి,

తిరుపతి నుంచి మామ దీవెనలు. నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతు వినగానే ఎంత టెన్షన్ పడుతున్నావో అర్థమైంది. నీ బ్యాండ్ సా, అదే పట్టీ రంపం మిషన్, కింది నాలుగు చక్రాలూ ఊడదీసి, సామానంతా ఒకే బొచ్చెలో వేసేశానన్నావు. పెడల్ తొక్కితే కిందికి దిగి మిషన్‌ను జరపనిచ్చేవి, వదిలితే పైకి పోయేవి కదా అవి. మించిపోయిందేమీ లేదు. నోటితో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. పక్కన పెట్టుకుని పని చెయ్యి.

ముందు ప్లగ్గు పీకెయ్. తర్వాత తోడుకు ఒకరిని పిలువు, ఒంటరిగా మొదలుపెట్టొద్దు. బ్యాండ్ సా కింద ఇరుకు, బరువంతా పైన. నూరు కిలోల మిషన్ ఒక పక్కకు వాలితే చేత్తో ఆపలేం. తాడుతో స్తంభానికి కట్టి, గడ్డపారతో ఒక పక్క రెండంగుళాలు లేపి, కింద గట్టి చెక్క దిమ్మెలు దూర్చు. ఆ పక్క రెండు చక్రాలూ బిగించాకే రెండో పక్కకు వెళ్లు. జాకీ మీద నిలబెట్టి కింద చెయ్యి మాత్రం పెట్టొద్దురా.

2021 నవంబరు వానల్లో మా షెడ్డులోకి నీళ్లొచ్చినప్పుడు నేనూ ఈ చక్రాలన్నీ విప్పాను. పిన్నులు తుప్పు పట్టి కదల్లేదు. రాత్రంతా కిరోసిన్‌లో నానబెట్టి, పొద్దున ఎమిరీ పేపరుతో రుద్దితే లొంగాయి. నీవీ అలాగే శుభ్రం చేసి, ఒక్కో చక్రం సామాను ఒక్కో గుడ్డ మీద వేరుగా పేర్చు. ఎడమవి, కుడివి వేరుగా ఉంటే పెడల్ ఎటు తిరుగుతుందో చూసి గుర్తు పెట్టు. తారుమారైతే పెడల్ మిషన్ కిందికి పోతుంది, కాలికి అందదు.

ముందు చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే ఇనుప చెయ్యి బిగించు. దాని పిన్నుకు రెండు పక్కలా వాషర్లు ఉండాలి. ఒకసారి నేను ఒక వాషరు వదిలేశాను. చెయ్యి రేకుకు ఒరుసుకుని చక్రం పూర్తిగా పైకి పోలేదు, నేలను తాకుతూనే ఉంది. అది గమనించక టేకు పలక కోశాను. మిషన్ అదురుకు కోత వంకర్లు పోయి, ద్వారబంధానికి తెచ్చిన మంచి చెక్క పాడైంది. ఆ చెక్క తెచ్చిన ఇంటాయన ముఖం ఇంకా గుర్తుంది.

ఊగే చోట నట్టును బలమంతా పెట్టి బిగించొద్దు. లొడలొడ ఆట పోయేదాకా తిప్పి, పావు చుట్టు వెనక్కి వదులు. లోపల నైలాన్ రింగు ఉన్న నట్లయితే కొత్తవి వెయ్యి, పాతవి అదురుకు వదులవుతాయి. చక్రం ఇనుప పలకను మిషన్‌కు పట్టే బోల్టులు మాత్రం గట్టిగా బిగించాల్సిందే.

స్ప్రింగు ఆఖర్న. కటింగ్ ప్లేయరుతో లాగితే తీగకు గాటు పడుతుంది, తర్వాత అక్కడే తెగుతుంది. గట్టి నైలాన్ తాడును కొక్కేనికి ఉచ్చుగా వేసి, రెండో కొసను స్క్రూడ్రైవరు పిడికి చుట్టి లాగితే సులువుగా రంధ్రంలో పడుతుంది. కళ్లద్దాలు పెట్టుకో, ముఖం దాని దారిలో ఉంచొద్దు.

పెడల్ రాసుకునే చోట గ్రీజు పూసేవాళ్లు చాలామంది. మన షెడ్డులో అది పనికిరాదు. రంపపు పొట్టు అంటుకుని నాలుగు నెలల్లో బంకలా గట్టిపడుతుంది. అక్కడ కొవ్వొత్తి రుద్దు, చాలు.

దిమ్మెలు తీశాక పెడల్ తొక్కి చూడు. చివర్లో 'టక్'మని మలుపు దాటి కూర్చోవాలి. దాటకుండా మధ్యలో ఆగిందంటే, తోసేటప్పుడు చక్రం ముడుచుకుని మిషన్ ఒరుగుతుంది. చక్రాలు పైకి ఎత్తేశాక రెండు మైకా ముక్కలు జతచేసి ఒక్కో చక్రం కింద దూర్చు. నాలుగింటి కిందా తగలకుండా పోవాలి. పోకపోతే మిషన్ పాదాల మరలు కాస్త దించు. తర్వాత టేబుల్ మీద రసమట్టం పెట్టి చూసుకో. కోత కోసేటప్పుడు మిషన్ తన పాదాల మీదే నిలబడాలి. చక్రాలు జరపడానికే. చెక్క శిల్పాల ఊరు మాధవమాల నుంచి చెక్కడాల తలుపు వచ్చినప్పుడు నేల మీద పరుచుకునే చోటు కోసమే కదా నువ్వవి పెట్టించుకున్నది.

ఒక స్ప్రింగు సాగిపోయిందన్నావు. దాని పక్కన బాగున్నది పెట్టి ఫోటో పంపు. పొడవు, తీగ లావు సరిపోయేది ఇక్కడి అంగడిలో దొరికితే రెండు కొని, శనివారం చిత్తూరు బస్సెక్కుతాను. మీ అమ్మకు చెప్పు, మధ్యాహ్నం భోజనానికి వస్తానని.

ఇట్లు,
మీ మామ